ఒలిగోస్ఫెరీడియం కాంప్లెక్స్: ఒక శిలాజకోశపు నిర్మాణము, వర్గీకరణము

(రాయగడలో చేసిన స్మారకోపన్యాసము)



జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి స్మృతిని పురస్కరించుకొని తెలుగున ప్రసంగింపుమని నన్నాహ్వానించిన రాయగడ, కొరాపుట్టు సీమల తెలుగు కుటుంబములకు కృతజ్ఞతాపూర్వకముగా నమస్కరించుచున్నాను. 1869లో జన్మించి, 1931లో గద్దెనెక్కి, 1951లో కీర్తిశేషులైన ఆ మహనీయులు తెలుగునందును ఒడియాయందును రచనలు చేసిన విద్వత్కవులు. అందుచేత వారి పేరిట జరుగు సభలో సాహిత్యప్రసంగమునే ఆశించి వచ్చినవారు మీలో పెక్కురుందురు. కాని డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగా నుండిన కాలమున, విశాఖపట్టణమున విజ్ఞానశాస్త్ర సాంకేతిక కళాశాల నెలకొనుటకు ఏటేట లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చినవారును ఈ మహారాజుగారే. ఆ కళాశాల వారి పేరనే వెలసినది. ఈ కొండసీమలోని అడవుల నుండియు మడిచెక్కల నుండియు వచ్చిన శిస్తుడబ్బు సముద్రతీరమున సూక్ష్మదర్శినులుగాను రసాయనశాలలుగాను మారినదని తలచినప్పుడు, సూక్ష్మదర్శినికి మాత్రమే కనిపించు ఒక ప్రాచీనజీవిని గూర్చి ముచ్చటించుట వారి స్మృతికి తగని పని కాదని నాకు తోచినది.

ఆ జీవి పేరు ఒలిగోస్ఫెరీడియం కాంప్లెక్స్. డైనోఫ్లాజెల్లేటులను ఏకకణజీవుల సమూహములోని శిలాజజాతి యిది. దీనిని మీ కొండలలో వెదకిన దొరకదు. రాయగడ, కొరాపుట్టు సీమల శిలలు ప్రధానముగా ఖోండలైటు, చార్నొకైటు. వీనిలో ఖోండలైటునకు ఇక్కడి ఖోండుల పేరనే, 1902లో కలాహండి భూగర్భమును వర్ణించిన టి. ఎల్. వాకర్ నామకరణము చేసెను. ఒకనాడు బురదగా నీటియడుగున పేరుకొనిన పదార్థమే దాదాపు 100 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భములోని తీవ్రమైన వేడిమికిని ఒత్తిడికిని లోనై, ఎఱ్ఱని గార్నెటు గింజలును సిల్లిమనైటు సూదులును గల ఈ రాయిగా మారినది. ఆ బురదలో జీవద్రవ్యము లేకపోలేదు. ఈ ప్రాంతపు ఖోండలైటులలో కనిపించు గ్రాఫైటు ఆనాటి కర్బనమే యని పలువురు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కాని ఆకారమంతయు నశించి, ద్రవ్యము మాత్రమే మిగిలినది. శిలాజశాస్త్రమునకు కావలసినది ఆకారము.

ఆకారము చెడకుండ నిలిచినచోటు మీకు దిగువనున్నది. కొరాపుట్టు జిల్లాలోని సింకారము కొండలలో పుట్టిన కొలాబు నది శబరియై కూనవరముకడ గోదావరిలో కలియుచున్నది. మాచకుండు నీరు సీలేరై ఆ శబరినే చేరుచున్నది. రాయగడ పట్టణము ప్రక్కగా పారు నాగావళి పార్వతీపురము, శ్రీకాకుళము మీదుగా సముద్రమున కలియుచున్నది. ఈ కొండల మట్టి అంతయు నదులతో దిగి తీరమున పేరుకొనుచున్నదన్నమాట. గోదావరీ, కృష్ణా ముఖములయందు అట్టి నిక్షేపములు కోట్లాది సంవత్సరములుగా పొరమీద పొరగా కిలోమీటర్ల మందమున కుదురుకొనినవి. ఆ పొరలలోనే డైనోఫ్లాజెల్లేటుల కోశములు భద్రముగా నున్నవి.

ముందు సజీవమైన డైనోఫ్లాజెల్లేటును చూతము. ఒకే కణము, దానికి రెండు కశాభములు. కణమునకు నడుమున చుట్టును ఒక గాడి యుండును. దానిని మేఖల యందుము. మొదటి కశాభము ఆ గాడిలోనే అలలవలె కదలుచు జీవిని గిరగిర త్రిప్పును. ఉదరభాగమున నిలువుగా మఱియొక గాడి గలదు; రెండవ కశాభము అందుండి వెనుకకు వ్రేలాడుచు జీవిని ముందునకు నెట్టును. మేఖలకు పైభాగము ఊర్ధ్వార్ధము, క్రిందిభాగము అధోర్ధము. కవచము గల జాతులలో కణత్వచమున సెల్యులోజు ఫలకములు ఒకదాని ప్రక్కనొకటి అతుకుకొని యుండును. ఈ ఫలకములు అడ్డదిడ్డముగా నుండవు. శిఖరమును చుట్టియున్నవి శిఖరఫలకములు. మేఖలకు వెంటనే పైనున్నవి పూర్వమేఖలా ఫలకములు. మేఖలలోనివి మేఖలా ఫలకములు. దానికి దిగువనున్నవి ఉత్తరమేఖలా ఫలకములు. అడుగు కొనయందున్నవి ప్రతిశిఖర ఫలకములు. అమెరికాలోని చార్లెస్ కోఫాయిడ్ ఇరువదవ శతాబ్ది తొలిదశకమున ఈ వరుసలకు సంఖ్యలను, గుర్తులను ఏర్పరచెను; నేటికిని డైనోఫ్లాజెల్లేటులను గూర్చి వ్రాయు శాస్త్రజ్ఞులలో పెక్కురు ఆ పద్ధతినే యనుసరించుచున్నారు.

అయితే శిలలలో దొరకునది ఈ కవచము గాదు. సెల్యులోజు ఫలకములు జీవి మరణించిన కొలది దినములలోనే విడిపోయి కరగిపోవును. శిలాజముగా మిగులునది కోశము. రెండు లింగకణములు కలిసినపిమ్మట ఏర్పడిన సంయుక్తకణము, ప్రతికూలకాలము గడచుటకై తనచుట్టును దృఢమైన గోడను నిర్మించుకొని, అడుగునకు దిగి నిద్రించును. ఆ గోడ డైనోస్పోరిన్ అను సంక్లిష్టమైన కర్బనద్రవ్యముతో నిర్మితమైనది. హైడ్రోక్లోరికామ్లమునకుగాని, గాజును కరగించు హైడ్రోఫ్లోరికామ్లమునకుగాని అది లొంగదు. స్వీడన్ దేశపు ఫియర్డు బురదలో సుమారు నూరేండ్లు నిద్రించిన కోశములు సైతము ప్రయోగశాలలో తిరిగి మొలకెత్తినట్లు 2011లో ప్రకటింపబడినది. నేడు జీవించియున్న జాతులలో ఇట్టి శాశ్వతకోశమును నిర్మించునవి ఆరింట ఒక వంతుకు మించవు. కావున శిలాజచరిత్రయంతయు ఒక మైనారిటీ సమాజపు చరిత్ర. ఈ మాటను విస్మరించి, శిలలలో కోశములు లేనంతమాత్రమున ఆ సముద్రమున డైనోఫ్లాజెల్లేటులే లేవని వ్రాయువారు పొరబడుచున్నారని నా దృఢమైన అభిప్రాయము.

ఇక మన జాతి కథ. 1836 ప్రాంతమున బెర్లిన్‌లో క్రిస్టియన్ గాట్‌ఫ్రీడ్ ఎరెన్‌బెర్గ్ చెకుముకిరాతి పలుచని పెచ్చులను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, వానియందు ముండ్లుగల గోళములను చూచెను. మంచినీటి నాచులలోని జాంతిడియం అను ప్రజాతిని అవి పోలియుండుటచే వానినందులోనే చేర్చి, గొట్టములవంటి ముండ్లు గల యొకదానికి 1838లో జాంతిడియం ట్యూబిఫెరం అని పేరిడెను. 1842లో ఇంగ్లండున హెన్రీ హాప్లీ వైట్ ఆ ట్యూబిఫెరంలోనే ఒక భేదముగా కాంప్లెక్స్‌ను వేరుచేసెను. నేటి మన జాతినామమునకు మూలమిదియే. తరువాత నూరేండ్లపాటు ఈ ముండ్ల గోళములు ఏ జీవికి చెందినవో తెలియక, ముండ్లున్నవన్నియు తుదకు ఒక్క గుంపుగా హిస్ట్రికోస్ఫియరు లనబడెను. 1946లో ఫ్రాన్సు దేశపు జార్జి డెఫ్లాండ్ర మన జాతిని హిస్ట్రికోస్ఫెరీడియం ప్రజాతిలోనికి మార్చెను. ముండ్లనుబట్టి జరిగిన వర్గీకరణ యింతవఱకే పోగలిగినది.

మలుపు 1961లో వచ్చినది. అమెరికాలోని విలియమ్ ఎవిట్ ఈ గోళములను పరిశీలించుచు రెండు విషయములను పట్టుకొనెను. మొదటిది, ముండ్లు ఇష్టమువచ్చినట్లు మొలచినవి కావు. డైనోఫ్లాజెల్లేటు కవచమునందలి ఫలకముల స్థానములనే యవి యనుసరించుచున్నవి. రెండవది, పెక్కు గోళములకు ఒక నియతమైన రంధ్రము గలదు. దాని యంచు కోణములు దేరి, ఫలకముల సరిహద్దుల వెంట తీరుగా నడచుచున్నది. నిద్ర ముగిసిన జీవి కోశమును విడిచి బయటికి వచ్చిన మార్గమది. దానికే ఆర్కియోపైల్ అని పేరు. మూతగా నుండి ఊడిపోయిన భాగము పిధానము. ముండ్లుండియు ఈ గుర్తులేవియు లేని గోళములకు ఎవిట్ 1963లో ఆక్రిటార్కులని వేరుపేరు పెట్టెను. కొలది యేండ్లకే డేవిడ్ వాల్, బారీ డేల్ అనువారు సముద్రపు బురదనుండి సజీవకోశములను తీసి మొలకెత్తించి, వానినుండి ఈదుచు వెలువడిన డైనోఫ్లాజెల్లేటులను కన్నులార చూచి, ఎవిట్ ఊహను నిస్సందేహముగా స్థాపించిరి. శిలను చూచి చెప్పిన మాటను సజీవప్రాణి చేత సాక్ష్యమిప్పించిన ఇట్టి ఘట్టములు శిలాజశాస్త్రమున మిక్కిలి యరుదు.

ఆ వెలుగులో 1966లో ఆర్. జె. డేవీ, జి. ఎల్. విలియమ్స్ అను ఇరువురు బ్రిటిష్ మ్యూజియము బులెటిన్‌లో ఒలిగోస్ఫెరీడియం అను క్రొత్త ప్రజాతిని స్థాపించి, వైట్ పేరిడిన కాంప్లెక్స్‌ను దానికి ప్రమాణజాతిగా నియమించిరి. ఎందుకు వేరుచేయవలసివచ్చినదో తెలియుటకు జాతి నిర్మాణమును దగ్గఱగా చూడవలెను.

గాజుపలకపై గ్లిసరిన్ జెల్లీలో నిలిపిన ఒక కోశమును ఊహింపుడు. దాని నడిమి గోళము సుమారు 40 మైక్రాన్ల వ్యాసము గలది. లేత పసుపువన్నె, నునుపైన గోడ. గోడ రెండు పొరలు. లోపొర గోళమునకు చుట్టుగోడయై నిలువగా, వెలిపొర దానినంటుకొనియుండి అక్కడక్కడ పైకి లేచి గొట్టములుగా సాగినది. ఈ గొట్టములనే వెనుకటివారు ముండ్లనిరి. గొట్టము లోపల బోలు. అయినను అది గోళపు లోపలికి తెరచుకొనదు, లోపొర అడ్డుపడును. ఒక్కొక్క గొట్టము సన్నని కాడగా లేచి, చివర ఉమ్మెత్తపూవు వలె విప్పారి, ఆ యంచున వాడి కొనలుగా చీలియుండును. సూక్ష్మదర్శిని పైచక్రమును మెల్లగా త్రిప్పిన కొలది పైతలమునందలి గొట్టములు స్పష్టపడి, మసకబారి, పిమ్మట అడుగుతలపు గొట్టములు తేలివచ్చును. ఈ రెండు తలములను వేరువేరుగా గీసికొని, ఒకదానినద్దమునందువలె త్రిప్పి జతపరచిననే గొట్టముల స్థానములు తెలియును. పరిశోధకునకు ఓర్పు అవసరమగునది ఇక్కడనే. రూపచిత్రణలో ఒక్క గొట్టము తప్పిపోయినను ఫలకసూత్రము చెడును.

లెక్కపెట్టినచో గొట్టములు సాధారణముగా 18కి మించవు. ఒక్కొక్క ఫలకమునకు నడుమ ఒక్కొక్కటి చొప్పున శిఖరఫలకములకు 4, పూర్వమేఖలా ఫలకములకు 6, ఉత్తరమేఖలా ఫలకములకు 5 లేక 6, అడుగుప్రక్కన 1, అడుగుకొనయందు 1. కొన్నింట ఉదరపుగాడిలో 1. మేఖలలో మాత్రమొకటియు లేదు. గోళమధ్యమున చుట్టును కనిపించు ఆ బోడిపట్టెయే ఈ ప్రజాతికి ప్రధానలక్షణము. హిస్ట్రికోస్ఫెరీడియంలో మేఖలయందును గొట్టములుండును. ఈ రెండు ప్రజాతులును కలిసియున్న కాలమున ఎంత దట్టముగా ముండ్లున్నవి, ఎంత పొడవున్నవి అని చూచిరే గాని, ఏ స్థానమున లేవని యెవరును చూడలేదు. లేకపోవుట కూడ ఒక శరీరలక్షణమే యని డేవీ, విలియమ్స్ గుర్తించుట ఈ వర్గీకరణలోని జీవము.

రెండవ గట్టిలక్షణము ద్వారము. శిఖరమునందలి నాలుగు ఫలకములును కలసి ఒకే మూతగా ఊడిపోవును. మిగిలిన యంచు పూర్వమేఖలా ఫలకముల పైకొనల వెంట వంకరటింకరగా నడచి, ఉదరగాడి యెదుట ఒక చిన్న నొక్కు పడును. ఆ నొక్కు మధ్యరేఖకు కొంచెము ప్రక్కగా నుండుట చూచి జీవి ముందువెనుకలను, కుడియెడమలను నిర్ణయింతుము. మూత ఊడినపుడు దానిమీది 4 గొట్టములును దానితోనే పోవును గనుక, తెరచుకొనిన కోశమున సాధారణముగా 14కి మించి మిగులవు. అదే గాజుపలకలో మఱియొకచోట నాలుగు గొట్టములతో ఒంటరిగా పడియున్న మూతను కనుగొన్న పరిశోధకునికి కలుగు ఆనందము ఇంతయని చెప్పరాదు.

ఈ లక్షణములనుబట్టి జాతి స్థానము స్థిరపడును. డైనోఫ్లాజెల్లేటా విభాగము, డైనోఫైసీ తరగతి, గోనియాలకేలీస్ క్రమము, గోనియాలకేసీ కుటుంబము, ఒలిగోస్ఫెరీడియం ప్రజాతి, కాంప్లెక్స్ జాతి. ఫెన్సమ్ మొదలైనవారు 1993లో సజీవజాతులను, శిలాజజాతులను ఒకే పట్టికలో కూర్చిన వర్గీకరణమునే నేడు పెక్కురు మూలముగా గ్రహించుచున్నారు. గోనియాలకేలీస్ క్రమమునకు సాటిగా నిలుచునది పెరిడినియేలీస్. వానిలో ఊర్ధ్వార్ధపు నడిమి ఫలకము తరచుగా ద్వారమగును. ఫలకముల పొందికలో కుడియెడమలు దాదాపు సమానము. గోనియాలకేలీస్‌లో ఆ సమత లేదు. అడుగుఫలకములు ఒక ప్రక్కకు ఒరగియుండును. కావున ముండ్ల సొగసును ప్రక్కకు పెట్టి, ఫలకముల పొందికయు ద్వారపు స్థానమును ముందుగా చూచి, ఆ తరువాతనే గొట్టముల రూపమును లక్ష్యపెట్టవలెను. ఈ క్రమమును తలక్రిందులు చేసినవారు వాతావరణమునకు, ఉప్పదనమునకు లొంగి మారు బాహ్యాలంకారమును జాతిభేదముగా పొరబడి, ఒకే జాతికి పది పేర్లు పెట్టిరి.

ఒక చిక్కు కూడ మనవిచేయవలెను. ఒకే జీవి ఈదుచున్నప్పుడొక పేరును, కోశమైనప్పుడొక పేరును పొందుట ఈ శాస్త్రమున వాడుక. రాత్రివేళ సముద్రమును వెలిగించు లింగ్యులోడీనియం పాలీయెడ్రా కోశము శిలలలో లింగ్యులోడీనియం మాఖీరోఫోరం అనిపించుకొనును. ఒలిగోస్ఫెరీడియమునకు నేటి సముద్రమున వారసుడు లేడు గనుక దానికీ ద్వంద్వనామబాధ లేదు. ఇట్టి శిలాజనామములు వృక్షశాస్త్ర నామనియమావళికి లోబడియుండును. ఆ నియమము ప్రకారము ప్రజాతి మారినను మొదట పేరుపెట్టిన వైట్ పేరు కుండలీకరణములలో నిలిచియుండును. నూటయెనుబదియేండ్ల క్రిందటి యొక పరిశీలకుని శ్రమకు శాస్త్రము చెల్లించు గౌరవమది.

ఈ జాతి తొలి క్రిటేషియస్ కాలమునుండి ఇయోసీన్ వఱకు, దాదాపు అన్ని ఖండముల సముద్రనిక్షేపములలోను దొరకినది. ఇంత దీర్ఘమైన ఆయువు గలది కాలనిర్ణయమునకు దుర్బలసాధనము. అది యొక్కటే యున్న శిల వయస్సును చెప్పబూనుట సాహసము. దానితోడ సహవాసము చేయు అల్పాయుష్క జాతులే తేదీని చెప్పును. క్రిటేషియస్ ముగిసిన వెంటనే వచ్చిన డేనియన్ కాలారంభమున కొత్తగా పుట్టిన కార్పటెల్లా కార్న్యూటా అట్టిది. ఈ కాలనిర్ణయవిషయమున గోదావరి మండలమునకు విశేషప్రాముఖ్యము గలదు. రాజమహేంద్రవరము దగ్గఱి కాతేరు, పంగిడి గనులలో దక్కను లావాపొరల నడుమ సముద్రసంబంధమైన సున్నపురాతి పొరలున్నవి, లోతున ఓ.ఎన్.జి.సి. బావులు ఆ లావాపొరలనే తాకినవి. 2008లో గెర్టా కెల్లర్ బృందము ఈ మండలమున దొరకిన ఫొరామినిఫెరా అను గుల్లలు గల ఏకకణజీవుల శిలాజములనాధారముగా, దక్కను అగ్నిపర్వత చర్యలోని ప్రధానఘట్టము క్రిటేషియస్ యుగాంతమునకు సమీపముననే ముగిసినదని ప్రకటించెను. ఆ యుగాంతమున నీటిలో తేలియాడు ఫొరామినిఫెరాలు తెరలు తెరలుగా నశింపగా, డైనోఫ్లాజెల్లేటు కోశములలో అంతటి సంహారము కనిపింపదు. నిద్రించి కష్టకాలమును గడపు శక్తియే వానిని కాచినదని పలువురి యభిప్రాయము.

గోదావరి కోశముల అధ్యయనమునకు పెద్దమలుపు 1987లో వచ్చినది. డెహ్రాడూన్‌లోని ఓ.ఎన్.జి.సి. పరిశోధనసంస్థకు చెందిన ఎన్. సి. మెహరోత్రాయును, కెనడాలోని సస్కచెవాన్ విశ్వవిద్యాలయాచార్యుడు విలియమ్ సార్జెంటును, పశ్చిమగోదావరి తీరమునందలి నరసాపురము-1 బావి నుండి తీసిన నమూనాలలోని అంత్యక్రిటేషియస్, ఆదిటెర్షియరీ కోశములను వర్ణించుచు ఫ్రాన్సులో వెలువడు జియోబియోస్ పత్రికలో విపులమైన వ్యాసము ప్రకటించిరి. ఈ సార్జెంటే 1966 నాటి బ్రిటిష్ మ్యూజియము సంపుటమునందు డేవీ, విలియమ్స్‌లకు తోడుగా పనిచేసినవాడు. ఇంగ్లండు సుద్దరాళ్లలో రూపుదిద్దుకొన్న లక్షణవిచారమే, ఆ మనిషి చేతిమీదుగా, మన నరసాపురము బురదరాతి వఱకు వచ్చినదని నాకు సంతోషము. 2003లో మెహరోత్రా, అస్వాల్ కలిసి కృష్ణా-గోదావరి మండలపు కోశములకు ఒక చిత్రసంపుటమును వెలువరించిరి.

చమురుశోధకులు ఈ ధూళిరేణువులను వెదకుటకు కారణము సులభము. సున్నపు గుల్లలు ఆమ్లజలములలో కరగినచోట ఇవి మిగులును. పైగా ఈ గోడల రంగు వేడిమికి పసుపు నుండి గోధుమకును, నలుపునకును మారును. ఆ రంగు చూచి ఆ పొర చమురు పుట్టించునంత వేడెక్కినదో, అంతకు మించి మాడినదో చెప్పవచ్చును. ఆ మార్గముననే ఇంకను దూరము పోయినచో నిలుచునది మీ కొండలలోని గ్రాఫైటు.

చివరగా రాయగడ, కొరాపుట్టు, జయపుర కళాశాలల విద్యార్థులకును అధ్యాపకులకును నా ప్రార్థన యొకటి. శిలలను కరగించు హైడ్రోఫ్లోరికామ్లము ప్రమాదకరమైనది. తగిన గాలిగూడు, రక్షణోపకరణములు లేని చోట దానిజోలికి పోరాదు. కాని నేటి బురదలోని కోశములకు దాని యవసరమంతగా లేదు. మీ నాగావళి శ్రీకాకుళము దిగువ సముద్రమున కలియుచోట, ఉప్పునీటి పోటు తగులు నిలకడనీటి మూలలలోని మెత్తని బురదను పిడికెడు తెచ్చి, నీటిలో కలిపి, 20 మైక్రాన్ల జల్లెడపై కడిగి, మిగిలినదానిని సాధారణ సూక్ష్మదర్శినితో చూడుడు. ముండ్లను లెక్కపెట్టుటకు ముందు ద్వారమెక్కడనున్నదో చూడుడు. చూచిన ప్రతి కోశమును రెండు తలములలో గీయుడు. గీసిన చిత్రములను, తేదీని, స్థలమును తెలుగునను ఒడియాలోను వ్రాసి, కళాశాల గ్రంథాలయమున భద్రపరచుడు. ఈ పనికి కావలసిన జల్లెడను, సూక్ష్మదర్శినిని సమకూర్చు భారమును ఈ సభలోని పెద్దలు వహింతురని ఆశించుచు, ఆ పనిని ఈ సంవత్సరమే ప్రారంభింపుడని మిమ్మందఱను వేడుకొనుచున్నాను.